ఫెజ్ సందుల్లో... రొట్టె వాసన వెంట!

‘బాలక్... బాలక్!’

వెనక నుంచి ఆ కేక వినపడిందంటే ఫెజ్ పాతబస్తీలో ఎవరైనా చేసే పని ఒక్కటే. గోడకి అతుక్కుపోవడం! ‘తప్పుకోండహో’ అని దాని అర్థం. మరుక్షణంలో వీపుకి రెండువైపులా గ్యాస్ సిలిండర్లు వేసుకుని ఓ కంచరగాడిద పక్కనుంచి దూసుకుపోతుంది. దాని వెనకే కూల్‌డ్రింకుల పెట్టెలతో మరొకటి. ఇక్కడ లారీ అయినా, ఆటో అయినా, చెత్తబండి అయినా అదే. ఎందుకంటే ఈ సందుల్లోకి కారు రాదు. రావాలన్నా పట్టదు. కొన్నిచోట్ల ఇద్దరు మనుషులు ఎదురుపడితే ఒకరు పక్కకి తిరిగి నిలబడాల్సిందే.

మొరాకోలోని ఫెజ్ నగరంలో ‘ఫెస్ ఎల్ బాలి’ అనే పాతబస్తీ ఇది. తొమ్మిది వేలకు పైగా సందుగొందులున్నాయని ఊరివాళ్లు చెబుతారు. యునెస్కో 1981లో దీన్ని ప్రపంచ వారసత్వ ప్రదేశాల జాబితాలో చేర్చింది. మసీదులు, మదర్సాలు, తోళ్లను ఊనే తొట్లు చూడటానికి ప్రపంచం నలుమూలల నుంచీ జనం వస్తారు. వాటన్నిటినీ పక్కనపెట్టి, కేవలం తింటూ తిరగడానికి వచ్చేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లకోసమే ‘ఫుడ్ వాక్’. ఒక గైడు, వెంట ఏడెనిమిది మంది, మూడు నాలుగు గంటల నడక. టికెట్ తీసుకుని చూసే కట్టడం ఒక్కటీ ఉండదు. పప్పు గిన్నె దగ్గర మొదలై టీ గ్లాసు దగ్గర ముగుస్తుంది. బయల్దేరే ముందు గైడు చెప్పే మాట ఒక్కటే... ‘పొద్దున హోటల్లో ఏమీ తినకండి’!

పన్నెండు వందల ఏళ్ల వంటిల్లు

ఇంతకీ ఈ ఊరి తిండికి అంత పేరెందుకు? దానికి కాస్త వెనక్కి వెళ్లాలి. 8వ శతాబ్దం చివర్లో ఇద్రిస్ వంశం వాళ్లు ఇక్కడ ఊరు కట్టారు. 9వ శతాబ్దంలో స్పెయిన్‌లోని కార్డోబా నుంచి తరిమేస్తే వచ్చిన కుటుంబాలు నదికి ఒక గట్టున, ఇప్పటి ట్యునీసియాలోని కైరవాన్ నుంచి వచ్చినవాళ్లు రెండో గట్టున స్థిరపడ్డారు. ఆ కైరవాన్ కుటుంబాల్లోని ఫాతిమా అల్ ఫిహ్రి అనే మహిళే 859లో ఖరవియ్యీన్ మసీదు కట్టించిందని ప్రతీతి. అదే తర్వాత పెద్ద విశ్వవిద్యాలయమైంది. 1492లో గ్రనడా పడిపోయాక స్పెయిన్ నుంచి ముస్లింలూ యూదులూ మళ్లీ పెద్దసంఖ్యలో వచ్చారు. వచ్చినవాళ్లు తాళంచెవులతోపాటు వంటలూ తెచ్చుకున్నారు. మాంసంలో దాల్చినచెక్క, పంచదార కలిపే అలవాటు, బాదం మిఠాయిలు, నారింజపూల పన్నీరు... అన్నీ ఈ సందుల్లో కలిసిపోయాయి.

అలా గ్రనడా నుంచి చిన్నప్పుడే వచ్చి ఫెజ్‌లో పెరిగినవాడే హసన్ అల్ వజ్జాన్. ఐరోపావాళ్లు లియో ఆఫ్రికానస్ అంటారు. ఆయన రాసిన ఆఫ్రికా వర్ణన 1550లో అచ్చయింది. అందులో ఫెజ్ బజారుని వీధివీధీ వర్ణించాడు. ఏ వరసలో ఏ దుకాణాలుండేవో అంత వివరంగా చెప్పిన ఆనాటి పుస్తకాలు అరుదు. ఆ వరసలు కొన్ని ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

పప్పుతో శ్రీకారం

నడక సాధారణంగా బాబ్ బూజ్‌లూద్ అనే పెద్ద ద్వారం దగ్గర మొదలవుతుంది. బయటి వైపు నీలం పలకలు, లోపలి వైపు ఆకుపచ్చ పలకలు. చూస్తే శతాబ్దాల నాటిదనిపిస్తుంది కానీ, ఇప్పుడున్న ద్వారం కట్టింది 1913లో. అక్కడి నుంచి తలా కబీరా, తలా సగీరా అనే రెండు వీధులు పల్లంలోకి దిగుతాయి. ఖరవియ్యీన్ దాకా అంతా దిగుడే. తిరిగొచ్చేటప్పుడు తెలుస్తుంది అసలు సంగతి!

మొదటి మజిలీ బిస్సారా కొట్టు. కొట్టంటే ఎంతో కాదు. గోడలో గూడులాంటి గది, మూతి వాల్చిపెట్టిన పెద్ద కుండ, ఒక గరిటె. ఫావా అనే పెద్ద చిక్కుడు గింజల్ని ఎండబెట్టి, పొట్టు తీసి, వెల్లుల్లితో మెత్తగా ఉడికించి ఎనుపుతారు. గిన్నెలో పోసి పైన ఆలివ్ నూనె, జీలకర్ర పొడి, ఇష్టమైతే కాస్త మిరపపొడి. రొట్టె ముంచుకు తినడమే. వేడి ముద్దపప్పులో నెయ్యి వేసుకుని తినే మనవాళ్లకి ఇది కొత్తగా ఏమీ అనిపించదు. చలికాలం పొద్దున్నే కూలీలూ, గాడిదలవాళ్లూ, బడికెళ్లే పిల్లలూ తినే చవక తిండి ఇది. టూరిస్టుల కోసం పెట్టింది కాదు. అందుకే మంచి గైడు ఇక్కడితో మొదలెడతాడు.

పక్కనే మ్సెమ్మెన్ వేసే ఆవిడ. పిండిని నూనె చేతులతో పల్చగా సాగదీసి, మధ్యలో రవ్వ చల్లి, చదరంగా మడిచి పెనం మీద వేస్తుంది. మన పరోటాకి చుట్టం. దానిమీద తేనె పోస్తారు. మరికాస్త దూరంలో స్ఫెంజ్... మధ్యలో చిల్లు, నూనెలో వేయించడం, అచ్చం గారెలాగే. కాకపోతే పప్పు కాదు, పులిసిన గోధుమ పిండి. నాలుగైదు కొనుక్కుంటే తాటాకులాంటి ఆకు పీలికకి దండలా గుచ్చి చేతికిచ్చే అలవాటు పాతది. ప్లాస్టిక్ సంచి వచ్చాక అదీ తగ్గింది.

తల వేలాడితే భయపడొద్దు

మాంసం కొట్ల వరసలోకి రాగానే గుంపులో ఒకరిద్దరు ఉలిక్కిపడటం మామూలే. కొట్టు ముందు ఒంటె తల వేలాడుతుంటుంది. బెదిరించడానికి కాదు, ‘ఈ రోజు ఒంటె మాంసం ఉంది’ అనే బోర్డన్నమాట! అక్కడే మూపురం కొవ్వు ముక్కలు అమ్ముతారు. మాంసాన్ని కైమా కొట్టించి, మసాలా కలిపించి, పక్కనున్న బొగ్గుల పొయ్యి మీద కాల్పించుకుని రొట్టెలో పెట్టుకు తింటారు. తిల్లి లోపల మాంసం, ఆలివ్‌లు కూరి కాల్చి, చక్రాల్లా కోసి వేయించి ఇచ్చేది ఇంకో రకం. అది అందరికీ నచ్చేది కాదు. తిననివాళ్లని మొరాకోవాళ్లు బలవంతం చేయరు కూడా.

తలా కబీరా మీదే ఒక పాత ఫుందుక్ ఉంది. ఫుందుక్ అంటే ఒకప్పటి వర్తకుల సత్రం. కింద సరుకులూ పశువులూ, పైన మనుషులూ. ఈ ఫుందుక్ పేరు కాత్ స్మెన్. స్మెన్ అంటే ఊరబెట్టిన వెన్న. ఉప్పు వేసి నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి నిలవ ఉంచుతారు. మూత తీయగానే గుప్పుమంటుంది. ముదిరిన చీజ్ వాసన. నెయ్యి వాసన మారితే గిన్నెతో సహా పారబోసే మన ఇళ్లలో దీన్ని గుమ్మం దాటనివ్వరు. ఫెజ్‌లో మాత్రం ముదిరేకొద్దీ ధర పెరుగుతుంది. కుస్‌కుస్‌లో ఒక్క చెంచా చాలు. పక్క పీపాల్లో ఖ్లీ ఉంటుంది. గొడ్డు మాంసాన్ని ఉప్పు, ధనియాలు, జీలకర్ర, వెల్లుల్లి పట్టించి ఎండబెట్టి, తర్వాత కొవ్వులో వండి ఆ కొవ్వులోనే నిలవచేస్తారు. ఫ్రిజ్ లేని రోజుల్లో ఏడాది పొడవునా పనికొచ్చేది. ఇప్పుడు ఫ్రిజ్ ఉన్నా, గుడ్లతో కలిపి వేయించుకు తినే ఆ రుచి కోసం చేస్తూనే ఉన్నారు. శాకాహారులు ఇక్కడ తేనె దగ్గర ఆగిపోవచ్చు. రకరకాల పూల తేనెలు, ఒక్కోటీ ఒక్కో రంగు. ముదురు రంగువి కొన్ని చేదుగా కూడా ఉంటాయి.

వేసవిలో వస్తే బండి మీద నాగజెముడు పండ్లు కనిపిస్తాయి. చేతికి ముళ్లు గుచ్చుకోకుండా అమ్మేవాడే చెక్కు తీసిస్తాడు, ఎన్ని తింటే అన్నింటికి డబ్బు. దాని పేరేమిటో తెలుసా? ‘హిందియా’! అంటే ఇండియా పండు. నిజానికి ఆ మొక్క అమెరికాది. కొలంబస్ అమెరికానే ఇండియా అనుకున్నాడుగా... ఆ పొరపాటు ఫెజ్ బండ్ల మీద ఇప్పటికీ అమ్ముడవుతోంది.

ఊరి పొయ్యి

ఇంతదాకా నోటికి పని. తర్వాత గైడు ఒక పక్కసందులోకి తిప్పి, తల వంచితే తప్ప పట్టని ఒక గుమ్మం ముందు నిలబెడతాడు. లోపల చీకటి, మసి పట్టిన గోడలు, కట్టెల వాసన. కళ్లు అలవాటుపడ్డాక నేలకి సమంగా ఒక పొయ్యి నోరు కనిపిస్తుంది. దాని ముందు గోతిలో నిలబడి, బారెడు కర్ర తెడ్డుతో ఒక మనిషి రొట్టెలు తోస్తూ, తీస్తూ ఉంటాడు. అదే ఫర్రాన్. పేటంతటికీ ఉమ్మడి పొయ్యి.

ఫెజ్‌లో ఒక పేట అంటే అయిదు ఉండాలంటారు. మసీదు, నీళ్ల ఫౌంటెన్, హమ్మామ్, ఖురాన్ బడి, ఫర్రాన్. ఇల్లెంత గొప్పదైనా రొట్టెలు కాల్చే పొయ్యి ఇంట్లో ఉండేది కాదు. పక్క పక్కనే ఆనుకుని ఉన్న ఇళ్లలో అంత మంట పెట్టడం ప్రమాదం, కట్టెలు మోసుకురావడం ఖర్చు. అందుకని పిండి ఇంట్లో, కాల్పు ఫర్రాన్‌లో. పొద్దున్నే తల్లి పిండి కలిపి గుండ్రటి బిళ్లలు చేసి, చెక్క మీద పేర్చి, పైన గుడ్డ కప్పుతుంది. పిల్లవాడు దాన్ని తలమీదో భుజంమీదో పెట్టుకుని సందులోకి పరుగు. మధ్యాహ్నం భోజనం వేళకి వెళ్లి తెచ్చుకోవాలి. రొట్టెకింత అని చిల్లర.

చూసేవాళ్లకి ఆశ్చర్యం కలిగించేది ఇంకోటి. చీటీ ఉండదు, నంబరు ఉండదు. పదుల ఇళ్ల రొట్టెలు ఒకే పొయ్యిలో కాలుతాయి. అయినా ఎవరివి వాళ్లకే వెళ్తాయి. కొందరు పిండి మీద వేలితోనో ఫోర్కుతోనో గుర్తు పెడతారు. చాలావరకు గుర్తుతో పనిలేదు. ఆ చెక్క, ఆ గుడ్డ, ఆ రొట్టె మందం చూసి ఇది ఫలానా ఇంటిదని కాల్చేవాడు చెప్పేస్తాడు. రోజూ నాలుగు పంపే ఇంటి నుంచి పన్నెండొస్తే చుట్టాలొచ్చారన్నమాట. పండగ ముందు రోజుల్లో బాదం బిస్కెట్ల పళ్లేలు బారులు తీరతాయి. వేరుసెనగలు వేయించడానికి, చేపల పళ్లెం కాల్చడానికి కూడా ఇక్కడికే పంపుతారు.

రొట్టె అంటే వాళ్లకున్న భక్తి మనకి బాగా అర్థమవుతుంది. దారిలో రొట్టె ముక్క పడి కనిపిస్తే తొక్కరు. తీసి, ముద్దుపెట్టుకుని, గోడమీదో గట్టుమీదో ఎవరి కాలూ తగలనిచోట పెడతారు. అన్నం మెతుకు కాలికి తగిలితే కళ్లకద్దుకునే ఇళ్లలో పెరిగినవాళ్లకి వేరే వివరణ అక్కర్లేదు.

ఈ ఫర్రాన్లే ఇప్పుడు ఇబ్బందిలో ఉన్నాయి. కారణాలు వెతకక్కర్లేదు. ఇంటింటికీ గ్యాస్ ఓవెన్ వచ్చింది. ఆడవాళ్లు ఉద్యోగాలకి వెళ్తున్నారు, పొద్దున్నే పిండి పిసికే తీరిక లేదు. కొట్లో దొరికే గుండ్రటి రొట్టె ధరని ప్రభుత్వం రెండు దశాబ్దాలకు పైగా 1.20 దిర్హమ్‌ల దగ్గర నిలిపి ఉంచింది. అంత చవగ్గా దొరుకుతుంటే పిండి, శ్రమ, కాల్పు కూలీ ఎవరికి గిట్టుబాటు? వీటికంటే పెద్ద కారణం మరొకటుంది. పంపే ఇళ్లే తగ్గిపోతున్నాయి. 1912లో ఫ్రెంచివాళ్లు వచ్చాక పాతబస్తీ బయట కొత్త నగరం కట్టారు. 1956లో స్వాతంత్య్రం వచ్చాక ఉన్నవాళ్లు చాలామంది అక్కడికో, కాసాబ్లాంకాకో తరలిపోయారు. పెద్ద పెద్ద లోగిళ్లలో పల్లెల నుంచి వచ్చిన బీద కుటుంబాలు గదికొకటి చొప్పున చేరాయి. 2000 తర్వాత ఆ లోగిళ్లు కొన్ని విదేశీయుల చేతికొచ్చి అతిథిగృహాలయ్యాయి. గోడలకి రంగులొచ్చాయి, కప్పులు నిలబడ్డాయి, అది మంచిదే. కానీ అలాంటి ఇంటి నుంచి రోజూ పిండి చెక్క మోసుకుని ఫర్రాన్‌కి పరిగెత్తే పిల్లవాడు రాడు.

ఎవరి కోసం బజారు?

ఫుడ్ వాక్‌ల మీద తగువు కూడా ఇక్కడే. పనిచేసుకునేవాడి ముఖం మీద ఎనిమిది ఫోన్లు పెట్టి ఫొటోలు తీసి, ఉచితంగా ఒక ముక్క రుచి చూసి వెళ్లిపోతే ఫర్రాన్‌వాడికి ఒరిగేదేమిటి? దారికడ్డం తప్ప! కొన్ని గుంపులు అలాగే చేస్తాయి. మరికొందరు గైడ్ల పద్ధతి వేరు. ముందు బజార్లో పిండి కొనిపిస్తారు, లేదా ఒక ఇంట్లో గుంపు చేతే రొట్టెలు చేయిస్తారు. ఆ చెక్కని ఫర్రాన్‌కి తీసుకెళ్లి, అందరిలాగే చిల్లర ఇచ్చి కాల్పించుకుంటారు. గంట తర్వాత వచ్చి తీసుకుంటారు. కొట్లోనూ అంతే. రుచి చూసిన చోట పావుకిలో అయినా కొనాలని ముందే చెబుతారు. ఫొటోకి అడిగి తీరాలి. ఇది దానం కాదు, బేరం. బేరం చేసేవాడికి బజారులో ఎప్పుడూ మర్యాద ఉంటుంది.

2020 మార్చిలో కరోనాతో మొరాకో సరిహద్దులు మూసేసినప్పుడు ఈ తేడా బాగా తెలిసొచ్చింది. విదేశీయుల మీదే ఆధారపడ్డ చెప్పుల కొట్లకి, తివాచీల కొట్లకి బేరాల్లేవు. రొట్టె, పప్పు, కూరగాయలు అమ్మేవాళ్లకి మాత్రం ఊరు మిగిలింది. తర్వాత పర్యాటకం మళ్లీ పుంజుకుంది. 2024లో మొరాకోకి వచ్చినవాళ్లు 1.74 కోట్లు. 2030 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌కి స్పెయిన్, పోర్చుగల్‌తో పాటు మొరాకో కూడా ఆతిథ్యమిస్తోంది. కాబట్టి గుంపులు పెరిగేవే తప్ప తగ్గవు. చార్మినార్ చుట్టుపక్కల బజార్లు చూసినవాళ్లకి ఈ లెక్క తెలిసిందే. ఊరివాళ్లు సరుకు కొనే వీధి ఒకలా ఉంటుంది, సందర్శకులే కొనే వీధి ఇంకోలా ఉంటుంది. వాసనతోనే తెలిసిపోతుంది.

పూతరేకుల్లాంటి వర్ఖా

ఫర్రాన్ నుంచి మళ్లీ పెద్ద వీధిలోకి వస్తే అత్తారీన్. సుగంధద్రవ్యాల బజారు. మన ‘అత్తరు’ కూడా ఆ మాట తోబుట్టువే. ఇక్కడ ‘రాస్ ఎల్ హానూత్’ అడగాలి. ‘కొట్టుకే తలమానికం’ అని చెప్పుకోవచ్చు. ఒక్కో కొట్టువాడు తన దగ్గరున్న మేలైన దినుసులన్నీ కలిపి చేసే మసాలా పొడి. ఇద్దరి పొడి ఒకలా ఉండదు. కారం మాత్రం ఆశించకండి. మొరాకో వంటలో ఘాటు కంటే సువాసన ఎక్కువ. గుంటూరువాళ్లు జేబులో మిరపపొడి పొట్లం పెట్టుకోవడం మంచిది! ఉప్పులో ఊరిన నిమ్మకాయలు చూసి ఊరగాయ అనుకుని ఆశపడతారు, అందులోనూ కారం ఉండదు.

ఖరవియ్యీన్ పక్కనుంచి దిగితే సఫ్ఫారీన్ కూడలి. రాగి పాత్రలు చేసేవాళ్ల సుత్తి దెబ్బలతో మారుమోగుతుంటుంది. మనిషి కూర్చోగలిగేంత డేగిసాలు గోడవారగా బోర్లించి ఉంటాయి. పెళ్లిళ్లకి అద్దెకిస్తారట. సప్లయింగ్ కంపెనీ అంటే మనకే సొంతం అనుకుంటాం కానీ!

అక్కడికి దగ్గరే రసీఫ్ బజారు. టూరిస్టుల కంటే సంచులు పట్టుకున్న ఇల్లాళ్లే ఎక్కువ. ఇక్కడ చూడాల్సింది వర్ఖా చేయడం. పొయ్యి మీద నున్నటి లోహపు పళ్లెం. చేతిలో జారిపోయేంత మెత్తటి గోధుమ పిండి ముద్ద. ఆ ముద్దని పళ్లానికి టపటపా తాకిస్తూ పోతే పిండి చుక్కలు అతుక్కుని ఒక పల్చటి పొర ఏర్పడుతుంది. అంచు పట్టుకుని లేపితే కాగితం! ఆత్రేయపురంలో బోర్లించిన కుండ మీద పూతరేకు తీసే చేతులు గుర్తొస్తాయి. అక్కడ బియ్యప్పిండి, ఇక్కడ గోధుమ పిండి. అక్కడ గుడ్డతో పూత, ఇక్కడ ముద్దతో తాకింపు. నేర్చుకోవడానికి ఏళ్లు పట్టడం మాత్రం రెండుచోట్లా ఒకటే. ఈ పొరల మధ్యే పావురం మాంసం, గుడ్లు, బాదం పెట్టి కాల్చి పైన పంచదార, దాల్చినచెక్క పొడి చల్లితే బస్తీలా. ఫెజ్ పెళ్లి విందుకి అది లేకపోతే వెలితే. ఇప్పుడు పావురం బదులు కోడి మాంసం వాడేవాళ్లే ఎక్కువ.

చివరి మజిలీ పుదీనా టీ. చైనా నుంచి వచ్చే, ఉండల్లా చుట్టుకున్న పచ్చ తేయాకు, గుప్పెడు పుదీనా, బోలెడు పంచదార. ఎత్తు నుంచి పోస్తే నురగ రావాలి. ఇంత మొరాకోది అనిపించే టీ ఈ ఊరికి ఇంటింటి పానీయమైంది 19వ శతాబ్దంలోనే. 1850ల్లో క్రిమియా యుద్ధం వల్ల బాల్టిక్ మార్కెట్లు మూతపడితే బ్రిటిష్ వర్తకులు మిగిలిన తేయాకుని మొరాకో రేవుల్లో దించారు. చలికాలంలో పుదీనాతోపాటు ‘షీబా’ అనే చేదు ఆకు వేస్తారు. మన వినాయకచవితి పత్రిలోని మాచిపత్రికి దగ్గరి బంధువు అది.

వెళ్లాలనుకుంటే...

హైదరాబాద్ నుంచి దుబాయ్ లేదా దోహా మీదుగా కాసాబ్లాంకా, అక్కడి నుంచి రైల్లో నాలుగు గంటల్లో ఫెజ్. గైడుకి ప్రభుత్వ గుర్తింపు కార్డు ఉందో లేదో చూసుకోవాలి. ద్వారం దగ్గర వెంటపడేవాళ్లందరికీ అది ఉండదు. శుక్రవారం చాలా కొట్లు మూసి ఉంటాయి, ఆ రోజు ఇళ్లలో కుస్‌కుస్ వంట. రంజాన్ నెలలో పగలు తిండి కొట్లు తెరవరు. సూర్యాస్తమయం తర్వాత వెళ్తే శనగలు, మసూర్ పప్పు వేసిన హరీరా సూప్, ఖర్జూరాలు, తేనెలో ముంచిన షబాకియా దొరుకుతాయి. శాకాహారులు సూపుల్లో మాంసం ఉందేమో అడిగి తెలుసుకోవాలి. బిస్సారా, వంకాయ పచ్చడిలాంటి జాలూక్, ఆలివ్‌లు, మ్సెమ్మెన్‌తో కడుపు నిండిపోతుంది. ‘ల్బెన్’ అని అడిగితే చల్లటి మజ్జిగ ఇస్తారు. తాగి గ్లాసు కింద పెట్టగానే కొట్టువాడు ‘బ్‌సహా’ అంటాడు. ఆరోగ్యంగా ఉండమని దీవెన. బదులుగా ‘అల్లా యాతిక్ సహా’ అనగలిగితే రెండో గ్లాసు డబ్బులు వద్దన్నా అనొచ్చు, అయినా ఇచ్చే రావాలి.